నక్కి నడిచే కథను బల్ల మీద అమ్మడం: సొంత కామిక్‌తో కామిక్ కాన్‌కు వెళ్లేవారికి సమగ్ర మార్గదర్శి

కామిక్‌లు, గేములు ఇష్టపడేవాళ్లంతా చేరే ఉత్సవం కామిక్ కాన్. అక్కడ మీ బల్ల ముందు నుంచి వెళ్లే మనిషి ఆగాలా వద్దా అని తేల్చుకోవడానికి రెండు మూడు అడుగులు చాలు. హాల్లో ఒక పక్క టీషర్టులు, ఇంకో పక్క బొమ్మలు, వెనక స్టేజీ మీద కాస్‌ప్లే (పాత్రల వేషాల) హోరు. ఆ కాస్త సమయంలో "ఇది నాకోసమే" అనిపించని పుస్తకాన్ని ఎవరూ చేతిలోకి తీసుకోరు. అందుకని సొంతంగా అచ్చువేసిన కామిక్ ఎవరికి అమ్మాలన్నది గీయడానికి ముందే తేలాలి. సైజు, కాగితం, అక్షరాలు, ధర, బల్ల మీద సర్దుబాటు, ఇవన్నీ ఆ పాఠకుల దగ్గర మొదలుపెట్టి వెనక్కి లెక్కేసుకుంటూ రావాలి.

ఈ మార్గదర్శిలో మనం ఎంచుకున్న పాఠకులు స్టెల్త్ గేములు, అంటే శత్రువు కంట పడకుండా నక్కి నడిచే ఆటలు, ఆడేవాళ్లు. కామిక్ కాన్‌కు వచ్చేవారిలో గేమర్లు చాలామంది ఉంటారు. దొంగచాటుగా, చప్పుడు చెయ్యకుండా, కాపలావాడి కన్నుగప్పి నడిచే కథలు వాళ్లకు ఎంతో ఇష్టం, తెలుగులో అలాంటి కామిక్‌లు మాత్రం చాలా తక్కువ. నమూనాగా ఒక కథ అనుకుందాం. గోల్కొండ కింది ద్వారం గుమ్మటం కింద చప్పట్లు కొడితే కొండ మీది బాలాహిస్సార్ దాకా వినిపిస్తుంది. అలాంటి కోటలోకి ఒక దొంగ చడీచప్పుడు లేకుండా పైదాకా ఎక్కాలి. దీన్ని ఏ5 సైజులో, లోపల 32 పేజీలు, పైన అట్టతో అచ్చువేసి అమ్ముతున్నాం.

స్టెల్త్ ఆటలో జనాన్ని పట్టేసేది ఏమిటి

1987లో ఎంఎస్‌ఎక్స్2 కంప్యూటర్ మీద మెటల్ గేర్ తయారైనప్పుడు ఆ యంత్రం తెర మీద ఎక్కువమంది శత్రువుల్ని ఒకేసారి చూపలేకపోయింది. ఆ ఇబ్బందిలోంచే కాల్చుకుంటూ పోవడం పోయి తప్పించుకు తిరగడం ఆటగా మారింది. 1998లో థీఫ్, టెంచు, మెటల్ గేర్ సాలిడ్, కమాండోస్ ఒకే ఏడాది వచ్చి ఈ తరహాను నిలబెట్టాయి. మన ఊళ్ల నెట్ సెంటర్లలో పెరిగినవాళ్లకు ఆ రుచి తగిలింది ఎక్కువగా 2000 చివర్లో వచ్చిన ప్రాజెక్ట్ ఐజీఐ వల్ల. అందులో మిషన్ మధ్యలో సేవ్ చేసుకునే వీలే లేదు. ఒక్క కెమెరా కంట పడి అలారం మోగితే అప్పటిదాకా పాకుతూ సాధించిందంతా పోయేది.

వీటన్నిటిలో పనిచేసేవి మూడు. మొదటిది, ఆటగాడికి కాపలావాడికన్నా ఎక్కువ తెలియడం. కమాండోస్‌లో శత్రువు చూపు ఎంత మేర పడుతుందో ఆకుపచ్చ రంగు విసనకర్రలా తెర మీదే కనిపిస్తుంది. ఎదుటివాడికి తెలియనిది తనకు తెలుసన్న సంగతే ఆటగాణ్ణి కూర్చోబెడుతుంది. రెండోది ఎదురుచూపు. కాపలావాడు అటు తిరిగేదాకా గోడకు అంటుకుని నిలబడటమూ ఆటలో భాగమే. మూడోది చప్పుడు. థీఫ్‌లో రాతి గచ్చు మీద నడిస్తే ఒక చప్పుడు, తివాచీ మీద నడిస్తే ఇంకోటి. దాన్ని బట్టే ఆటగాడు దారి ఎంచుకుంటాడు.

పేజీలోకి వీటిని ఇలా తెచ్చుకోవాలి.

లోపలి అట్ట మీద కోట పటం వెయ్యండి. ద్వారాలు, మెట్లు, కాపలా తిరిగే దారి చుక్కల గీతతో ఉండాలి. చదివేవాళ్లు మధ్యలో వెనక్కి వచ్చి ఆ పటం చూసుకున్నారంటే ఆట మొదలైనట్టే. అమ్మే బల్ల దగ్గర కూడా ఎక్కువమందిని ఆపేది ఈ పటమే, కాబట్టి దీనికి మంచి బొమ్మ పెట్టండి.

కుడి పక్క పేజీలన్నీ బేసి సంఖ్యలు. పేజీ తిప్పితేనే కనబడేది సరి సంఖ్య పేజీ. అందుకని "ఎవరో వస్తున్నారు" అన్న గడి (ప్యానెల్) బేసి పేజీ చివర, వచ్చిందెవరో తర్వాతి సరి పేజీ మొదట్లో పడేలా స్క్రిప్టులోనే అమర్చుకోవాలి. ఒక్క పేజీ అటూ ఇటూ జరిగినా ఎదురుచూపంతా పోతుంది, ఎందుకంటే తెరిచిన రెండు పేజీలూ కంటికి ఒకేసారి ఆనుతాయి.

చప్పుడుకు తెలుగులో కరువేమీ లేదు. కిర్రు, టప్, గలగల, సర్రు, ధన్. అక్షరం పరిమాణాన్నే వినిపించే దూరంగా వాడండి. దొంగ అడుగుకు చిన్న "టప్", అదే కాపలావాడి చెవి దాకా వెళ్లేసరికి గడి అంచు తాకేంత "టప్". మాటలు లేని గడులు వరుసగా నాలుగైదు పెట్టడానికి వెనకాడకండి. ఈ పాఠకులు ఆ నిశ్శబ్దం కోసమే వస్తారు.

సైజు, పేజీలు, బైండింగ్

ఏ5 (148×210 మి.మీ.) ఎంచుకోవడానికి కారణం పూర్తిగా కాగితం లెక్క. డిజిటల్ ప్రెస్సుల్లో ఎక్కువగా నడిచేది 13×19 అంగుళాల షీటు. ఏ5 పుస్తకం తెరిస్తే ఏ4 అవుతుంది. ఆ షీటు మీద ఒక్కో వైపు రెండు ఏ4లు బ్లీడ్‌తో (కోతకు అంచు బయటికి వదిలే బొమ్మ భాగంతో) సహా పడతాయి. అంటే షీటుకు 8 పేజీలు, 32 పేజీలకు 4 షీట్లు. అమెరికన్ కామిక్ సైజు (సుమారు 168×260 మి.మీ.) తెరిచినప్పుడు బ్లీడ్‌తో దాదాపు 13.5×10.5 అంగుళాలు అవుతుంది. షీటుకు ఒక్కో వైపు ఒకటే పడి, 32 పేజీలకు 8 షీట్లు కావాలి. బొమ్మ పెద్దగా కనబడే మాట నిజమేగానీ అచ్చు ఖర్చు దాదాపు రెట్టింపు. మొదటి పుస్తకానికి అది అనవసరం.

మధ్యలో పిన్ను కొట్టే సెంటర్ పిన్నింగ్‌కు పేజీల సంఖ్య 4తో భాగించబడాలి. 30 పేజీల కథ ఇస్తే ప్రెస్సువాళ్లు రెండు ఖాళీ పేజీలు వేసి ఇస్తారు, అవి ఎక్కడ పడతాయో మీ చేతిలో ఉండదు. ఈ సైజుకు పర్ఫెక్ట్ బైండింగ్ వద్దు. జిగురు వెన్నుతో పుస్తకం పూర్తిగా తెరుచుకోదు, రెండు పేజీల మీద పరిచిన బొమ్మ మధ్య భాగం మడతలో మునిగిపోతుంది.

లోపలి కాగితం 130 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు గ్రాముల బరువు) ఆర్ట్ పేపరు, అట్ట 300 జీఎస్‌ఎం ఆర్ట్ కార్డు, పైన మ్యాట్ లామినేషన్. నలుపు తెలుపు కథైతే మెరుపు లేని 100 జీఎస్‌ఎం మ్యాప్‌లిథో కాగితం చవకా, చేతికి బాగుంటుంది కూడా. కాకపోతే చీకటి దృశ్యాల్లో నలుపు పేజీ వెనక్కి కనబడుతుంది, అందుకని 80 జీఎస్‌ఎం దాకా దిగొద్దు. 130 జీఎస్‌ఎంతో ఒక్కో ప్రతి 83 గ్రాముల దాకా తూగుతుంది. 150 ప్రతులు పన్నెండున్నర కిలోలు. బస్సులో, మెట్రోలో మోసుకెళ్లేవాళ్లు రెండు సంచులుగా విడదీసుకోవాలి.

తెలుగు అక్షరాలు: ఎక్కువ పుస్తకాలు చెడేది ఇక్కడే

బొమ్మలు గొప్పగా ఉండి, "స్త్ర" కాస్తా విడివిడి ముక్కలుగా అచ్చయిన పుస్తకాన్ని తెలుగు పాఠకులు వెంటనే కింద పెట్టేస్తారు. కారణం సాఫ్ట్‌వేర్. 2022 వెర్షన్‌కు ముందు ఫోటోషాప్‌లలో మామూలు టెక్స్ట్ ఇంజిన్‌కు ఒత్తులు, గుణింతాలు కలపడం రాదు. ప్రిఫరెన్సెస్‌లో టైప్ విభాగంలోకి వెళ్లి టెక్స్ట్ ఇంజిన్‌ను వరల్డ్ రెడీ లేఅవుట్‌కు మార్చాలి. ఇంకా పాత వెర్షన్లలో దాని పేరు మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్. మార్చాక సాఫ్ట్‌వేర్ మూసి తెరవండి. ఇన్‌డిజైన్‌లోనైతే పేరాగ్రాఫ్ ప్యానెల్లో వరల్డ్ రెడీ కంపోజర్ ఎంచుకోవాలి. బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్లు కొన్నిటికి తెలుగు కూర్పు సరిగా రాదు. అలాంటప్పుడు బొమ్మ అక్కడ గీసి, మాటలు మాత్రం ఇంక్‌స్కేప్‌లో వేసుకోవడం మంచిది. అది ఉచితం, ఒత్తుల్ని సరిగ్గా కలుపుతుంది.

ఫాంట్ల విషయంలో సిలికానాంధ్ర ఉచితంగా విడుదల చేసినవి మనకు పెద్ద ఆసరా. సంభాషణకు మండలి లేదా ఎన్టీఆర్, శబ్దాలకు, పేర్లకు రామభద్ర లాంటి బరువైన ఫాంటు బాగుంటాయి. ఇవన్నీ అమ్మే పుస్తకంలో వాడుకోవడానికి అనుమతి ఉన్నవే. అను ఫాంట్లలో కూర్పు చేయిస్తే ఒక సంగతి గుర్తుంచుకోండి. అది యూనికోడ్ కాదు కాబట్టి ఆ ఫాంటు లేని కంప్యూటర్లో ఫైలు తెరిస్తే అర్థంలేని గుర్తులొస్తాయి. ఏ ఫాంటైనా సరే, ప్రెస్సుకు పంపే ముందు అక్షరాలన్నీ అవుట్‌లైన్లుగా (గీతల బొమ్మలుగా) మార్చండి. మార్చిన తర్వాత దిద్దడం కుదరదు, కాబట్టి దిద్దుకునే ప్రతిని వేరే పేరుతో దాచుకోండి.

బుడగలు వెడల్పుగా గీయాలి. "తప్పించుకోగలిగినవాళ్లెవరూ" లాంటి మాట సన్నటి బుడగలో ఇరికితే ఎక్కడ విరచాలో తెలియదు. పై వరుసలోని ఒత్తు కింది వరుసలోని గుడిని గుద్దుకోకుండా వరుసల మధ్య ఎడం అక్షర పరిమాణానికి ఒకటిన్నర రెట్లుండాలి. ఏ5లో సంభాషణ 8.5 నుంచి 9 పాయింట్లు. అంతకు తగ్గితే ఒత్తులు పూడుకుపోతాయి. తెర మీద పెద్దది చేసి చూసి మోసపోకండి. మామూలు ప్రింటర్లో నిజమైన సైజుకు నాలుగు పేజీలు తీసి, చేతి దూరంలో పెట్టి చదవండి.

చీకటి పేజీల ముద్రణ

దొంగతనం కథంటే రాత్రి, రాత్రంటే నలుపు. అచ్చులో ఎక్కువ తిప్పలు పెట్టేదీ అదే.

బొమ్మలు 300 డీపీఐలో (అంగుళానికి చుక్కల లెక్క), విడిగా ఉంచే ఇంకు గీతలు 600 డీపీఐలో ఉండాలి. చుట్టూ 3 మి.మీ. బ్లీడ్, కటింగ్ అంచు నుంచి మాటలకు కనీసం 6 మి.మీ. ఎడం, మడత వైపు 9 లేదా 10 మి.మీ. మడతవైపు ఎక్కువ ఎందుకంటే మడతలోకి పోయిన మాటలు చదవడం కష్టం. 32 పేజీల పుస్తకంలో లోపలి కాగితాలు ముందుకు జరిగి, కోసేటప్పుడు మధ్య పేజీల్లో బయటి అంచు ఎక్కువ పోతుంది, అక్కడా జాగ్రత్త.

రంగుల్ని సీఎంవైకేకు (అచ్చులో వాడే నాలుగు సిరాల పద్ధతికి) మార్చి చూడండి. తెర మీద మెరిసే ముదురు నీలం అచ్చులో ఊదాగా, బూడిదగా మారుతుంది. పెద్ద నల్లటి చోట్లకు నలుపు 100 శాతం ఒక్కటే వేస్తే బూడిద రంగులా కనిపిస్తుంది. నీలం 40, ఎరుపు 30, పసుపు 30, నలుపు 100 కలిపితే నిండైన చీకటి వస్తుంది. నాలుగు రంగుల మొత్తం ఎక్కడా 300 దాటకూడదు, దాటితే సిరా ఆరక పక్క పేజీకి అంటుతుంది. మాటలకు మాత్రం నలుపు 100 ఒక్కటే వాడాలి. నాలుగు రంగుల్లో అచ్చయిన చిన్న అక్షరం రవ్వంత జరిగినా మసకబారుతుంది. నల్లని నేపథ్యం మీద తెల్లని అక్షరాలకు సన్న ఫాంటు వద్దు.

చీకట్లో దాక్కున్న దొంగ తెర మీద కనిపిస్తున్నాడంటే తెర వెలుగు వల్ల. కాగితం వెలగదు. దొంగ ఒంటి ముదురుకూ వెనక గోడ ముదురుకూ మధ్య 20 శాతం తేడా లేకపోతే రెండూ కలిసిపోయి నల్లటి గడి మిగులుతుంది. తెర వెలుగు సగానికి తగ్గించి ఒకసారి, బొమ్మను నలుపు తెలుపులోకి మార్చి ఇంకోసారి చూస్తే ఇది పట్టుబడుతుంది.

అట్ట ముదురు రంగైతే మడత దగ్గర టోనరు (డిజిటల్ ప్రెస్సు సిరా) పగిలి తెల్ల గీత పడుతుంది. దానికి మందు క్రీజింగ్. మడిచే ముందు గాడి కొట్టించమని ఆర్డర్లోనే రాయించండి. మ్యాట్ లామినేషన్ మీద నల్ల అట్టకు వేలిముద్రలు పడతాయి, బల్ల దగ్గర మెత్తని గుడ్డ ఒకటి ఉంచుకోవాలి.

తప్పకుండా ఒక పూర్తి ప్రూఫ్ ప్రతి తీయించండి. అదే కాగితం, అదే యంత్రం, పిన్ను కొట్టి, అంచు కోసి ఇవ్వమనాలి. పీడీఎఫ్ చూసి సరేననడం ప్రూఫ్ కాదు. తెలుగు చదివే, కథ తెలియని ఒక మనిషి చేత ఆ ప్రతి చదివించండి. 500 ప్రతుల లోపు డిజిటల్ ముద్రణే నయం. ఆ పైన ఆఫ్‌సెట్‌లో ప్లేట్ల ఖర్చు పంచుకుపోయి ప్రతి ధర బాగా తగ్గుతుంది. కానీ మొదటి పుస్తకానికి 500 అచ్చువేసి ఇంట్లో పెట్టెలు పేర్చుకోవడం ఎవరికీ మంచిది కాదు.

ఎక్కడ, ఎప్పుడు

భారత్‌లో కామిక్ కాన్ 2011లో ఢిల్లీలో మొదలైంది, 2013లో హైదరాబాద్‌కు వచ్చింది. హైటెక్స్‌లో జరిగే ఈ ఉత్సవం ఎక్కువగా ఏడాది చివరి నెలల్లో పడుతుంది, తేదీలు ఏటా మారతాయి. స్వతంత్ర కళాకారులకు ఇచ్చే బల్లలు పెద్ద స్టాళ్లకన్నా చవక. దరఖాస్తుతో పాటు మీ పని నమూనాలు అడుగుతారు. ప్రకటన కోసం ఎదురుచూడకుండా ఆరు నెలల ముందే నిర్వాహకులకు మెయిల్ రాయండి. అందులో అడగాల్సినవి: బల్ల కొలతలు, కుర్చీలెన్ని, వెనక స్టాండీ (నిలబెట్టే పెద్ద పోస్టరు) పెట్టుకోవచ్చా, కరెంటు పాయింటు ఉందా, పాసులెన్ని, ఒకే బల్ల ఇద్దరు పంచుకోవచ్చా, చెప్పిన రుసుములో 18 శాతం జీఎస్టీ కలిసిందా లేదా.

పని వెనక నుంచి లెక్కేసుకుంటే ఇలా ఉంటుంది. ఉత్సవానికి మూడు నెలల ముందు బొమ్మలు పూర్తి, ఆరు వారాల ముందు అక్షరాలు పూర్తి, నాలుగు వారాల ముందు ప్రూఫ్, రెండు వారాల ముందు ప్రతులు ఇంట్లో. ఈ గడువు కుదించకండి. ఏడాది చివర్లో ప్రెస్సులన్నీ క్యాలెండర్లు, డైరీలు, పెళ్లి పత్రికలతో నిండి ఉంటాయి, 150 ప్రతుల చిన్న పనిని పక్కన పెట్టేస్తారు.

మిగిలిన ప్రతులకు డిసెంబరులో హైదరాబాద్ పుస్తక ప్రదర్శన, జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవం ఉన్నాయి. అక్కడి పాఠకులు వేరు. పిల్లల్ని తీసుకొచ్చే తల్లిదండ్రులు, తెలుగు పుస్తకాల కోసమే వచ్చేవాళ్లు ఎక్కువ. సొంతంగా స్టాలు తీసుకోవడం అక్కడ బరువు, ఏదైనా ప్రచురణకర్త స్టాల్లో కమిషన్ మీద పెట్టించడం మంచిది.

కాగితం పనులు

ఐఎస్‌బీఎన్‌ను (పుస్తకానికి ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు సంఖ్యను) కేంద్ర విద్యాశాఖ కింద పనిచేసే రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ సంస్థ ఆన్‌లైన్లో ఉచితంగా ఇస్తుంది. బల్ల మీద అమ్మకానికి అది తప్పనిసరి కాకపోయినా, దుకాణాలకు, గ్రంథాలయాలకు పనికొస్తుంది. అచ్చుకు రెండు నెలల ముందే దరఖాస్తు చేసుకోండి. 1954 నాటి చట్టం ప్రకారం ప్రచురించిన 30 రోజుల్లో కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికి ఒక ప్రతి, మరో మూడు గ్రంథాలయాలకు ఒక్కో ప్రతి పంపాలి. 150లో ఆ 4 ప్రతులు ముందే పక్కన పెట్టండి.

అచ్చు పుస్తకాల మీద జీఎస్టీ లేదు. పోస్టర్లు, బ్యాడ్జీలు, టీషర్టులు మాత్రం పన్ను పడే సరుకు. సొంత రాష్ట్రంలో చిన్న అమ్మకాలకు మినహాయింపు పరిమితి వర్తిస్తుంది. బెంగళూరో చెన్నైయో వెళ్లి అక్కడ పన్ను పడే సరుకు అమ్మాలంటే అమ్మకం ఎంత చిన్నదైనా తాత్కాలిక నమోదు అవసరమయ్యే నిబంధన ఉంది. పొరుగు రాష్ట్రానికి మొదటిసారి వెళ్లేటప్పుడు పుస్తకాలకే పరిమితం కావడం, లేదా ముందే ఆడిటర్‌ను అడగడం మంచిది. ఇంకో మాట: పేరున్న గేముల పాత్రల్ని గీసి ప్రింట్లుగా అమ్మే దారి తొక్కకండి. హక్కులు వేరేవాళ్లవి. పైగా మీ దొంగ ఎవరో జనానికి గుర్తుండాల్సిన చోట ఇంకెవరి బొమ్మో పట్టుకెళ్తారు.

ధర, ప్రతుల లెక్క

కింది అంకెలు పద్ధతి చూపడానికే, వాటి స్థానంలో మీ కొటేషన్లు పెట్టుకోండి. ప్రతికి ₹75 చొప్పున 150 ప్రతులు ₹11,250. బల్ల రుసుము పన్నుతో ₹9,000. స్టాండీ, సంచులు, రాకపోకలు, తిండి ₹4,000. మొత్తం ₹24,250. ధర ₹200 అయితే పెట్టుబడి వెనక్కి రావడానికి 122 ప్రతులు పోవాలి. మూడు రోజులు, రోజుకు 8 గంటల లెక్కన గంటకు 5 ప్రతులు. కొత్తవారికి ఇది కష్టమైన అంకె.

దీన్ని దించడానికి రెండు దారులున్నాయి. బల్లను ఇంకో కళాకారుడితో పంచుకుంటే ఖర్చు ₹19,750కి తగ్గి 99 ప్రతులతో గట్టెక్కుతుంది. లేదా కోట పటాన్ని ఏ4 ప్రింటుగా వేసి (ఒక్కోటి ₹15, వంద ప్రింట్లు ₹1,500), పుస్తకంతో కలిపి ₹250 జతగా అమ్మితే మొత్తం ఖర్చు ₹25,750 అయి 103 జతలు చాలు. వంద ప్రింట్లు అయిపోతే ఆ తర్వాత పుస్తకం ఒక్కటే ఇస్తారు, లెక్కలో పెద్ద తేడా రాదు. రెండూ కలిపితే ఇంకా తేలిక.

ధర ₹199, ₹249 అని పెట్టొద్దు. చిల్లర వెతుక్కునే లోపు వెనకున్న వాళ్లు వెళ్లిపోతారు. ₹150 పెడితే ఎక్కువ అమ్ముడవుతాయనుకుంటారు గానీ, ప్రతికి మిగులు ₹125 నుంచి ₹75కు పడిపోతుంది. అదే మిగులుకు దాదాపు 67 శాతం ఎక్కువమంది కొనాలి. 50 రూపాయల తేడాకు అంతమంది పెరగరు.

బల్ల సర్దుకోవడం

పడుకోబెట్టిన పుస్తకం నడిచే మనిషికి కనబడదు. అట్ట బొమ్మ జనం కంటికి ఎదురుగా ఉండాలంటే బల్ల మీద మరో అడుగు, అడుగున్నర ఎత్తు స్టాండు కావాలి. ఇనుప గ్రిల్లు ముక్కలు, చెక్క పుస్తకాల స్టాండ్లు, మడిచే అట్టపెట్టెలు ఏవైనా సరే. నేల దాకా వేలాడే ముదురు రంగు ఏకరంగు గుడ్డ పరవండి. కింద మీ పెట్టెలు దాగుతాయి, పైన అట్ట రంగు తేలుతుంది. మన కథ అట్ట చీకటిది కాబట్టి గుడ్డ నల్లదైతే పుస్తకం మాయమవుతుంది. గోధుమ రంగో, ఇటుక ఎరుపో బాగుంటుంది.

వెనక 6×3 అడుగుల స్టాండీ. దాని మీద కథ సారమంతా రాయకండి. పై సగంలో దొంగ, కాపలావాడి చూపు పడే వెలుగు, ఒక్క వాక్యం: "చప్పట్లు వినిపించే కోటలో చప్పుడు చెయ్యకుండా నడవాలి." కింది సగం జనానికి అడ్డంపడి ఎలాగూ కనబడదు, అక్కడ ముఖ్యమైనదేదీ పెట్టొద్దు.

పటం ప్రింటును ప్లాస్టిక్ కవర్లో బల్ల ముందు అంచున, వచ్చేవాళ్ల వైపు తిప్పి పరవండి. చదివి చూసుకునే నమూనా ప్రతులు మూడుండాలి, అట్ట మీద "నమూనా" అని స్టిక్కరు. అవి సాయంత్రానికి నలిగిపోతాయి, అమ్మే ప్రతుల్లోంచి తీసి ఇవ్వడం మొదలుపెడితే నలిగినవన్నీ మీకే మిగులుతాయి. ధర రాసిన చీటీ పెద్దది, రెండు చోట్ల. ధర అడగడానికి మొహమాటపడి వెళ్లిపోయేవాళ్లు చాలామంది.

పెట్టెలో వేసుకోవాల్సిన చిల్లర సామాను: కత్తెర, రెండు వైపులా అతుక్కునే టేపు, జిప్ టైలు, బట్టల క్లిప్పులు, పవర్ బ్యాంకు, మార్కర్లు, సంతకానికి త్వరగా ఆరే పెన్ను (ఆర్ట్ పేపరు మీద జెల్ పెన్ను చెదిరిపోతుంది), కాగితపు సంచులు, నీళ్లు.

మాట కలపడం

కుర్చీలో వెనక్కి వాలి ఫోను చూసుకునే మనిషి దగ్గర ఎవరూ ఆగరు. నిలబడండి. మోకాళ్లు నొప్పెడితే ఎత్తు స్టూలు తెచ్చుకోండి, మీ కళ్లు వచ్చేవాళ్ల కళ్ల ఎత్తులో ఉంటే చాలు. "కామిక్ చూస్తారా?" అనడిగితే "వద్దు" అనడం తేలిక. వాళ్లు ఇష్టంగా జవాబు చెప్పే ప్రశ్న వెయ్యండి.

"ఐజీఐ ఆడావా తమ్ముడూ?"

"ఆడకపోవడమేంటన్నా, మొదటి మిషన్ కళ్లు మూసుకుని కొట్టేవాణ్ణి."

"ఇది గోల్కొండలో జరిగే అలాంటి కథ. ఇక్కడ చప్పట్లు కొడితే పైన వినబడుతుంది కదా, ఆ పైదాకా ఒకడు చప్పుడు లేకుండా ఎక్కాలి. పటం చూడు, నువ్వైతే ఎటు వెళ్తావు?"

ఇక మీరు మాట్లాడకండి. పటం మీద వేలు పెట్టి దారి వెతికే మనిషికి నమూనా చేతికివ్వండి, చదువుతున్నంతసేపూ పక్కకు చూడండి. మీదపడి వివరిస్తే పుస్తకం పెట్టేసి వెళ్లిపోతారు. తల ఎత్తినప్పుడు ధర, జత సంగతి ఒక్క ముక్కలో చెప్పండి.

పెద్దవాళ్లతో "అండీ" అని, పిల్లలతో తల్లి వస్తే ముందు తల్లితోనే మాట్లాడాలి. నెత్తురు, హింస ఎంత ఉన్నాయో, ఏ వయసుకు తగినదో దాచకుండా చెప్పండి. "మా వాడికి తెలుగు చదవడం రాదండీ" అనే మాట హైదరాబాద్‌లో తరచూ వింటారు. మాటలు తక్కువున్న కథ కాబట్టి ఆ సంగతి చూపించండి, మాటల్లేని పేజీలు తెరిచి పిల్లాడి చేతికివ్వండి. హిందీలో, ఇంగ్లిష్‌లో కూడా ఆ ఒక్క వాక్యం నోటికి వచ్చి ఉండాలి. తెలుగు చదవలేనివాళ్లకు పుస్తకం అంటగట్టొద్దు, పటం ప్రింటు చాలు.

డబ్బు, కాపలా, మూడు రోజులు

వేలమంది ఒకేచోట చేరితే ఫోన్ సిగ్నల్ కుంటుపడుతుంది. రెండు వేర్వేరు కంపెనీల సిమ్‌లు, రెండు బ్యాంకుల క్యూఆర్‌లు పెట్టుకోండి. క్యూఆర్ ఏ5 సైజులో బల్ల రెండు చివర్లా ఉండాలి, స్కాన్ చేస్తే వచ్చే పేరు దాని కిందే రాసి ఉంచండి. డబ్బు పడిందన్నదానికి కొనేవాళ్ల ఫోన్లో కనిపించే టిక్ గుర్తును నమ్మొద్దు, మీ ఫోన్లో చూసుకోవాలి. హోరులో సౌండ్ బాక్స్ వినబడదు. నగదుకు పది ₹100 నోట్లు, ఇరవై ₹50 నోట్లు, మొత్తం ₹2,000 చిల్లర, నడుముకు కట్టుకునే సంచిలో.

ఒక్కరే వెళ్తే భోజనానికీ బాత్రూముకీ బల్ల వదలాల్సి వస్తుంది. పక్క బల్లవాళ్లతో మొదటి గంటలోనే పరిచయం చేసుకోండి, వాళ్లకూ అదే అవసరం. పుస్తకాలు బల్ల మీద 15కు మించి పెట్టొద్దు, మిగతావి కింద. రాత్రి హాల్లో వదిలే సరుకుకు పూచీ ఎవరిదో నిర్వాహకుల నిబంధనల్లో చదివి, డబ్బు, ఫోన్లు, నమూనాలు ఇంటికి తెచ్చేసుకోండి.

శుక్రవారం జనం పలచన, తీరిగ్గా మాట్లాడేది ఆ రోజే. బల్ల సర్దుబాటు, మాట రెండూ ఆ రోజు మార్చి చూసుకోండి. శనివారం రద్దీలో మాటలు తగ్గించి చేతికి పుస్తకం అందించడమే పని. ఆదివారం సాయంత్రం చాలామంది ధర తగ్గించేస్తారు. అది వద్దు. మొదటి రోజు పూర్తి ధరకు కొన్నవాళ్లు మళ్లీ అటే తిరుగుతుంటారు. తగ్గించే బదులు జతకు ఒక చిన్న బుక్‌మార్కు కలపండి.

ప్రతి అమ్మకాన్నీ నోటు పుస్తకంలో గంటవారీగా గీతలు కొట్టుకోండి: పుస్తకం, జత, ప్రింటు విడివిడిగా. ఆగి, చదివి, కొనకుండా వెళ్లినవాళ్లకూ ఒక గీత. ఆగినవాళ్లే తక్కువైతే లోపం అట్టలోనో స్టాండీలోనో ఉంది. ఆగి చదివి వెళ్లిపోతే మొదటి ఐదు పేజీల్లో ఉంది. ధర విని పెట్టేస్తే ధరలో ఉంది. రెండో ముద్రణకు ముందు సరిచేయాల్సింది ఏదో ఆ గీతల్ని బట్టి తేలుతుంది. రెండో భాగం ఎప్పుడని అడిగినవాళ్ల ఈమెయిల్, వాళ్లు సరేనంటేనే, అదే నోటు పుస్తకం చివరి పేజీల్లో రాయించుకోండి. రెండో భాగం అట్ట గీయగానే మొదట పంపాల్సింది వాళ్లకే.